కన్యాకుమారికి పారిన గోదావరి

2023 డిసెంబరు, బెల్లంపల్లి. అప్పటికి నేను హైస్కూల్లో సోషల్ చెప్పబట్టి చాలా ఏళ్ళయింది. పగలంతా బడి, సాయంత్రం మా మెథడిస్టు చర్చి సంఘంలో పాటల బృందం. మా బాపు ఆ సంఘంలోనే బోధకుడు. బైబిల్ వాక్యం కంఠత పెట్టించేటప్పుడు మమ్మల్ని ఊరికే వల్లె వేయనిచ్చేవాడు కాదు, ఏదో ఒక రాగం కట్టి పాడించేవాడు. పాడినదాన్ని మరిచిపోవడం కష్టమని నాకు బీయీడీలో ఎవరూ చెప్పలేదు, సండే స్కూల్లో తెలిసింది. మా బడిలో సంగీతానికి వేరే టీచర్ లేకపోవడంతో ఆ పీరియడ్లు కూడా నాకే ఇచ్చారు. స్టోర్ రూములో ఒక పాత హార్మోనియం ఉండేది. ఎలుక కొట్టిన తిత్తికి నేనే గుడ్డ అంటించి దాన్ని పలికించాను.

డిసెంబరు వచ్చిందంటే పదో తరగతికి పాటలు, ఆటలు బంద్. ఆ పీరియడ్లన్నీ స్టడీ అవర్లు అవుతాయి. పిల్లల్ని మూడు బ్యాచులు చేస్తారు. ఎ బ్యాచి బాగా చదివేవాళ్ళు, బి బ్యాచి నడిమివాళ్ళు, సి బ్యాచి ఫెయిలవుతారని బడి ముందే అనుకున్నవాళ్ళు. సి బ్యాచికి మినిమం మెటీరియల్ ఇస్తారు. పాసు మార్కులకు సరిపోయే ప్రశ్నలు మాత్రమే ఏరి, జవాబులు కుదించి, జిరాక్స్ తీసిన కాగితాలు అవి. సోషల్ మినిమం మెటీరియల్లో మ్యాప్ పాయింటింగ్ ఉండదు. అంటే ఖాళీ పటం ఇచ్చి ఫలానా నది, ఫలానా కొండలు గుర్తించమనే ప్రశ్న. సి బ్యాచికి అది రాదని ముందే కొట్టేస్తారు.

నేను ఆ కాగితాలు పంచలేదు. హెడ్మాస్టరు గారు పిలిపించారు. ఆయనది కరీంనగర్. చెడ్డ మనిషి కాదు. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా తన బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతారు. కానీ ఆ ఏడాది నూటికి నూరు శాతం ఫలితం కావాలని పైనుంచి ఒత్తిడి. ఆయన నిద్రలో కూడా అదే మాట కలవరిస్తున్నట్టు ఉండేవారు.

"మెటీరియల్ ఎందుకు పంచలే మేడం?"

"అందులో పటం లేదు సార్."

"సి బ్యాచికి పటమెందుకు? పాసైతే సాలు."

"పటం తీసేసి జాగ్రఫీ చెప్పమంటే, రాగం తీసేసి కీర్తన పాడమన్నట్టు సార్. నాకు రాదు."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. కాగితాలు ఆయన టేబుల్ మీదే పెట్టి వచ్చాను.

ఆ వారమే సి బ్యాచితో సహా అందరికీ స్లిప్ టెస్ట్ పెట్టాను. అంటే ఒక్క పాఠం మీద చిన్న పరీక్ష. భారతదేశం ఖాళీ పటం ఇచ్చి గోదావరి, కృష్ణ, నర్మద గీయమన్నాను. సి బ్యాచిలో మానస అనే అమ్మాయి గీసిన పటం స్టాఫ్ రూములో చేతులు మారింది. మూడు నదులూ మూడు చోట్ల పుట్టి, తిన్నగా దిగి, మూడూ కన్యాకుమారి దగ్గర సముద్రంలో కలిశాయి. నర్మద అయితే గుజరాత్ వైపు చూడనైనా లేదు.

"గోదారి గూడ తీర్థయాత్రకు పోయినట్టుంది మేడం," అన్నారు తెలుగు సారు. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గారు మాత్రం నవ్వకుండా ఆ పటం తీసుకుని పోయారు.

మర్నాడు నాతో చెప్పారు. మానసను టీసీ ఇచ్చి పంపించేస్తారట. ఓపెన్ స్కూలు కింద రాసుకుంటుందట. అలా రాస్తే ఆ పిల్ల ఫలితం మా బడి లెక్కలోకి రాదు. తండ్రికి కబురు కూడా పోయింది.

ఆ ఇంటి సంగతి నాకు తెలుసు. మానస వాళ్ళ బాపు మొగిలి, బొగ్గు బాయిలో పని. బెల్లంపల్లిలో బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాక మందమర్రి వైపు బాయికి కంపెనీ బస్సులో పోతాడు. తల్లి లేదు. చిన్నమ్మ భైంసాలో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తుంది. టీసీ చేతికొస్తే పిల్ల భైంసాకు పోతుంది, మిల్లులో చేరుతుంది, ఓపెన్ పరీక్ష ఈసారి కాదు వచ్చేసారి అంటూ అంతటితో ఆగిపోతుంది. ఇలా ఆగిపోయినవాళ్ళు ప్రతి పేటలో కనబడతారు.

మధ్యాహ్న భోజనాల తరువాత మానసను పిలిచాను. హెడ్మాస్టరు గారి దగ్గర తిరిగి తెచ్చుకున్న పటం ముందు పెట్టాను. తిడతాననుకుని తల వంచుకుని నిలబడింది.

"తిట్టను బిడ్డా. నాకు ఒక్కటి చెప్పు. గోదావరిని గిట్ల ఎందుకు గీసినవ్?"

నాకే తెలియనిదేదో చెబుతున్నట్టు, "నీళ్ళు కిందికే పోతయి గద టీచర్," అంది.

"పోతయి."

"పటంల కింద కన్యాకుమారి ఉన్నది. మీరే చెప్పిండ్రు, పైన ఉత్తరం, కింద దక్షిణం అని. మరి నీళ్ళు కింద ఆగకుంట పక్కకెట్ల పోతయి?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఆ పిల్ల అన్నదానిలో తప్పెక్కడుందో వెంటనే దొరకలేదు. నీళ్ళు కిందికి పోతాయన్నది నిజం. కన్యాకుమారి పటంలో కింద ఉందన్నదీ నిజం. రెండు నిజాలు కలిపితే అబద్ధం వచ్చింది.

"కింద అంటే నీకు ఏంది మానసా?"

"కింద అంటే..." అని ఆలోచించింది. "బాపు ఉండే తావు. ఇంటికి ఎవలన్న వచ్చి మీ బాపేడి అంటే, కిందున్నడు అంటం. బాయిల ఉన్నడని."

బొగ్గు బాయి ఇళ్ళలో పెరిగిన పిల్లకు కింద అనేది కాగితం అడుగు కాదు. పంజరంలాంటి కేజీలో నిలబడి, తాడు మీద దిగి చేరుకునే లోతు. ఆ లోతులో నీళ్ళు చేరతాయని, మోటర్లు పెట్టి తోడాలని తెలిసిన పిల్ల. అలాంటి పిల్లకు నేను, నా ముందు చెప్పిన టీచర్లందరూ, గోడకు పటం వేలాడదీసి కర్రతో కొట్టి "కింద దక్షిణం" అని చెప్పాం. ఒకే మాటతో దిక్కూ చెప్పాం, ఎత్తూ చెప్పాం. విన్నది విన్నట్టే గీసింది మానస. ఈ పిల్లనా సి బ్యాచి? ఈ పిల్లకా పటం అక్కర్లేదు?

ఆ రోజే పటాన్ని గోడ మీది నుంచి దింపాను. వరండాలో నేల మీద పరిచాను. ఉత్తరం నిజంగా ఉత్తరం వైపు ఉండేలా తిప్పాను. "ఇప్పుడు పైన లేదు, కింద లేదు. అటు ఉత్తరం, ఇటు దక్షిణం. నిలబడి చూడండి," అన్నాను. సి బ్యాచి అంతా చెప్పులు విడిచి దేశం చుట్టూ తిరిగారు. ఒకడు బంగాళాఖాతంలో కూర్చున్నాడు. మిగతావాళ్ళు "తడిసినవ్ రా" అని ఎగతాళి చేశారు.

దిక్కు కుదిరింది. ఎత్తు మిగిలింది. పటంలో ఎత్తును రంగులతో చూపిస్తారు. ఆకుపచ్చ మైదానం, పసుపు పీఠభూమి, గోధుమరంగు కొండలు. పిల్లలకు అవి రంగులే. నేను స్టోర్ రూముకు పోయి హార్మోనియం తెచ్చాను. పాటల బృందంలో స్వరం పైకి పోవాలంటే చెయ్యి ఎత్తుతాను, కిందికి రావాలంటే దించుతాను. ఎత్తుకు అంతకంటే మంచి గుర్తు నా దగ్గర లేదు.

పడమటి సముద్రం స. అక్కడినుంచి పడమటి కనుమలు. ఒక్కసారిగా లేచి నిలబడతాయి. అందుకని స నుంచి ప మీదుగా పై స వరకు ఒక్క ఊపులో. ఆ కొనకు తూర్పు పక్కన, ఒక మెట్టు దిగువన ని దగ్గర గోదావరి పుడుతుంది. అక్కడినుంచి దక్కన్ పీఠభూమి తూర్పుకు మెల్లగా వాలుతుంది. అందుకని ని, ధ, ప, మ, ఒక్కొక్క మెట్టూ సాగదీసి. పాపికొండల దగ్గర తూర్పు కనుమలు అడ్డొస్తాయి. అవి తెగిపోయిన కొండలు, అందుకని గ మీద చిన్న వణుకు. ఆ తరువాత రి, స. తూర్పు సముద్రం. ఈ వరసకు నేనే మాటలు కట్టాను.

పడమటి కొండన పుట్టాను, పక్కన కడలిని చూడను
మంజీర వచ్చి చెయ్యి పట్టె, బాసర దాటి నడిచాను
ప్రాణహిత వచ్చి ఒళ్ళు నింపె, ఇంద్రావతి ఎదురొచ్చె
పాపికొండల సందు దూరి తూర్పు కడలిని చేరాను

మొదటిసారి పాడినప్పుడు మానస మధ్యలో చెయ్యెత్తింది. "టీచర్, పక్కనే సముద్రం ఉన్నది గద, గోదారి అటెందుకు పోలే?"

"పాడి చూడు."

ని దగ్గర ఆగింది. పడమరకు చూసింది. అటు పోవాలంటే మళ్ళీ పై స ఎక్కాలి, నీళ్ళు ఎక్కవు. తూర్పుకు చూసింది. మెట్లు. "అటు ఎత్తున్నది టీచర్! ఇటు వాలున్నది!" అని అరిచింది. ఎ బ్యాచి పిల్లలు కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆ తరువాత వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. నేను వెళ్ళిపొమ్మనలేదు.

కృష్ణకు ఒక వరస, నర్మదకు పడమరకు దిగే ఇంకో వరస కట్టాం. ఫోనులో రికార్డు చేసి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రివిజన్‌కు అదే మా మెటీరియల్.

మొగిలి డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని బడికి వచ్చిన రోజు హెడ్మాస్టరు గారి గదిలో నలుగురం ఉన్నాం. హెడ్మాస్టరు గారు, మొగిలి, మానస, నేను. టీసీ ఫారం టేబుల్ మీద ఉంది.

"ముందుగాల ఒక్క మాట మేడం," అన్నారు హెడ్మాస్టరు గారు. "వరండాల పొద్దుమాపు పాటలు. పక్క క్లాసులు డిస్టర్బ్. పైగ ఆ వరస చర్చి పాట లెక్క ఉన్నదని ఎవలో అన్నరు. ఇది బడి, చర్చి గాదు."

"నిజమే సార్, వరస చర్చి పాటలాగే ఉంటుంది. నాకు పాడడం నేర్పింది సంఘం. నేను దాచుకోను. కానీ గోదావరికి బాప్తిస్మం ఇవ్వలేదు నేను. అది ఎటు పారుతుందో చెప్పాను, అంతే. మాటల్లో ఎక్కడైనా ప్రభువు పేరు ఉంటే చూపించండి."

ఆయన ఆ మాట వదిలేసి మొగిలి వైపు తిరిగారు. "మొగిలీ, నీ బిడ్డ మంచిదే. కని సదువుల ఎనుకవడ్డది. గిప్పుడు రాసి ఫెయిలైతె దానికీ బాధ, బడికీ బాధ. ఓపెన్ల నిమ్మళంగ రాసుకుంటది. ఒక్క పిల్ల వల్ల మా నూరు శాతం పోతది, జర సమజ్ చేసుకో."

మొగిలి చేతులు నలుపుకుంటూ నా వైపు చూశాడు. "నాకు గివన్ని తెల్వయి మేడం. సారు చెప్తుండు, పాస్ గాదని. బిడ్డ ఒకటే ఏడుస్తుంది, భైంసాకు పోనని. నేనేం జెయ్యాలె?"

"సంతకం పెట్టకు అన్నా," అన్నాను.

"మేడం!" అన్నారు హెడ్మాస్టరు గారు.

నాకు కోపం వచ్చింది. ఆ కోపానికి నేను ఇప్పటికీ క్షమాపణ అడగను. "సార్, మా ప్రభువు ఒక లెక్క చెప్పాడు. ఒక కాపరికి నూరు గొర్రెలున్నాయి. ఒకటి తప్పిపోయింది. తొంభై తొమ్మిదిని విడిచి ఆ ఒక్కదాని కోసం పోయాడు. అది దొరికాకే ఆయనకు నూరు. మీరు ఆ ఒక్కదాన్ని మీ చేత్తో వెళ్ళగొట్టి, మిగిలినవాటిని లెక్కబెట్టి నూరు అంటున్నారు. ఈ లెక్క నాకు చిన్నప్పటి నుంచీ ఎవరూ నేర్పలేదు. నేను ఒప్పుకోను."

హెడ్మాస్టరు గారి మొహం ఎర్రబడింది. సొరుగు లాగి ఒక ఖాళీ పటం తీసి మానస ముందు పడేశారు. "గట్లనా? అయితే గియ్యమనుండ్రి. గోదావరి, నర్మద. గిక్కడ్నే, నా ముందర. తప్పు పోతే మాట్లాడద్దు."

మానస కుర్చీ అంచున కూర్చుంది. కలం తీసింది. నా వైపు చూడలేదు. పెదవులు కదులుతున్నాయి.

"పాడుతుంది చూడుండ్రి. పరీక్ష హాల్ల పాడనిస్తరా?" అన్నారాయన.

"లోపల పాడుకుంట సార్," అంది తల ఎత్తకుండా. "లోపలిది ఎవలకు ఇనవడది."

తరువాత ఒక పని చేసింది. కాగితాన్ని పూర్తిగా తిప్పేసింది. కశ్మీరు తన పొట్ట దగ్గరికి, కన్యాకుమారి అవతలికి, హెడ్మాస్టరు గారి వైపుకు.

ఆయన పెద్దగా నవ్వారు. "సూసిండ్రా మేడం? పటమే తలకిందులు పెట్టింది మీ పిల్ల! గిదేనా నేర్పింది?"

"ఉత్తరం నా ఎనుక ఉన్నది సార్," అంది మానస. బొటనవేలితో వెనక్కి చూపించింది. "తలుపు దిక్కు. గందుకే గిట్ల తిప్పిన."

"పరీక్షల గిట్ల తిప్పితే..."

"కాయితం తిప్పితే గోదారి తిరుగుతదా సార్?"

మొగిలి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు ఆగలేదు. "మా బాయిల సర్వేయర్ సారు గూడ నక్షను గిట్లనే తిప్పి సూస్తడు సార్," అన్నాడు, గదిలోకి వచ్చాక మొదటిసారి తల ఎత్తి.

అప్పటికే గోదావరి నాసిక్ దగ్గర బయలుదేరింది. మంజీర దగ్గర చిన్న చుక్క. ప్రాణహిత దగ్గర ఇంకొకటి. పాపికొండల దగ్గర గీత సన్నగా వణికింది. వణికించాల్సిన అవసరం పటంలో లేదు, అది పాటలోని వణుకు. ఆ తరువాత తూర్పు సముద్రం. నర్మద పడమరకు పోయింది, తన దారిన. కాగితాన్ని మళ్ళీ మామూలుగా తిప్పి, రెండు చేతులతో ఆయన ముందు పెట్టింది.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. టీసీ ఫారాన్ని సొరుగులోకి తోశారు. "సోషల్ ఒక్కటే గాదు మేడం," అన్నారు నెమ్మదిగా. "మ్యాథ్స్‌ల గూడ వీకే. ఫెయిలైతే సంజాయిషీ మీరే రాసియ్యాలె."

"రాస్తాను సార్."

మానస తన క్లాసువాళ్ళతోనే, తన బడి పేరు మీదే పరీక్షలు రాసింది. ఇక్కడ నేను కథ చక్కగా ముగిసిందని చెప్పాలని మీరనుకుంటారు. ఫలితాలు వచ్చిన రోజు సోషల్లో ఆ పిల్లకు ఎ బ్యాచి పిల్లలతో సమానమైన గ్రేడు వచ్చింది. మ్యాథ్స్‌లో ఫెయిలయింది. బడికి నూరు శాతం రాలేదు.

హెడ్మాస్టరు గారు తెల్ల కాగితం నా ముందు పెట్టారు. నేను నిలబడే రాశాను. "ఈ విద్యార్థినిని పరీక్ష రాయించినది నేనే. రాసింది కాబట్టి ఒక సబ్జెక్టు పోయింది, మిగతావన్నీ వచ్చాయి. రాయకపోతే ఏదీ పోయేది కాదు, ఏదీ వచ్చేదీ కాదు. ఇటువంటి విద్యార్థిని మళ్ళీ వస్తే మళ్ళీ ఇదే చేస్తాను." ఆయన చదివి, చివరి వాక్యం తీసేయమన్నారు. తీయలేదు.

ఫలితాల రోజు సాయంత్రం నేను వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. మానస గడప మీద కూర్చుని ఉంది. ఏడ్చినట్టు ఉంది కానీ ఏడవడం లేదు. "టీచర్, భైంసాకు పోను," అంది, నేనేదో పొమ్మన్నట్టు. "సప్లిమెంటరీ రాస్త. మ్యాథ్స్ సారుకు ఫోన్ చేసిన, రేపటి నుంచే రమ్మన్నడు."

"ఎవరు చేయమన్నారు?"

"ఎవలన్నరు? నేనే చేసిన."

జూన్‌లో రాసింది. పాసయింది. అదే ఏడాది, తన వయసు పిల్లలతో పాటే ఇంటర్లో చేరింది. సప్లిమెంటరీ పాసు బడి మొదటి లెక్కలోకి రాదు. అది ఎవరి లెక్కలోకి వస్తుందో, ప్రతి పొద్దున నేను ఎవరి ముందు మోకరిస్తానో ఆ ప్రభువుకు తెలుసు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే టీచర్లకు నేను చెప్పేది రెండే. పిల్ల తప్పు రాస్తే ఎర్ర గీత పెట్టకముందు, నువ్వన్న ఏ మాట దానికి ఏమని వినబడిందో అడుగు. చాలాసార్లు బుద్ధి సరిగానే పనిచేసి ఉంటుంది, మనం ఇచ్చిన మాటే రెండు దిక్కులా చీలి ఉంటుంది. నేను ఇప్పుడు తరగతిలో "పైన ఉత్తరం" అనను. పాఠాలు పాడడం మానలేదు, మానమంటే మానను.

ఇక రెండోది మీటింగులకు సంబంధించింది. ఏ బడివాళ్ళు లేచి మాకు నూరు శాతం వచ్చిందన్నా అందరూ చప్పట్లు కొడతారు. నేను చప్పట్లు కొట్టేముందు లేచి నిలబడి ఒకటే అడుగుతాను, ఎవరిని బయటికి పంపాక వచ్చిన నూరు అని.